ఎజ్రా పంతులుగారి మొదటి ప్రశ్న

మా గ్రంథాలయానికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. ఫ్యాను కింద కూర్చుని పేపరు చదివేవాళ్ళు కొందరు, ఫ్యాను కింద కూర్చుని పేపరు చదవనివాళ్ళు కొందరు. ఈ రెండింట్లోనూ చేరకుండా, భుజానికి గుడ్డసంచి తగిలించుకొని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలేమన్నా మీ దగ్గర పారేసేవి ఉంటాయా?" అని అడిగిన మనిషి ఒక్కరే. ఆయన ఎజ్రా పంతులుగారు. అది ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలం అనుకుంటాను.

నా పేరు ప్రమీలారాణి. మాది బాపట్ల. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలిలో దిగడం, కాలువ గట్టు మీదున్న ఆ పాత మేడకు నడిచి వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ బండెక్కడం, ఇదీ నా బతుకు. ఆ మేడకు ఏదో పెద్ద పేరు ఉంది గాని ఊళ్ళో అందరూ కాలువగట్టు లైబ్రరీ అనే అంటారు. కింద పుస్తకాలు. పైన పాత కాగితాల గది. ఆ గది తాళం నా దగ్గరుండేది. చుట్టుపక్కల పెద్ద కుటుంబాలవాళ్ళు ఇచ్చిన తాళపత్రాలు, దస్తావేజులు, ఉత్తరాలు, దినచర్యలు అందులో ఉండేవి. తాటాకుల్ని మెత్తటి గుడ్డతో తుడిచి, నిమ్మగడ్డి నూనె రాసి, మధ్యలో వసకొమ్ము పెట్టి ఎర్రగుడ్డలో కట్టడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. మనుషులతో కంటే తాటాకులతో నాకు ఓపిక ఎక్కువని మా అమ్మ అనేది. అబద్ధమేమీ కాదు.

ఆ ఓపికకు ఒక కారణం ఉంది. ఎనభైలో కృష్ణా పుష్కరాలొచ్చినప్పుడు మా నాన్న పాండురంగారావుగారు మా తాతల నాటి తాళపత్రాల కట్టను పెనుమూడి రేవుకు పట్టుకెళ్ళి, పసుపు కుంకుమ పెట్టి, నదిలో వదిలి వచ్చారు. ఇంట్లో చదివేవాళ్ళు లేరు, పురుగు పడుతున్నాయి, కృష్ణమ్మకు అప్పగిస్తే పుణ్యం అన్నారు. నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. అప్పటికే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను. ఊరందరి తాటాకులకూ నూనె రాస్తున్నదాన్ని, మా ఇంటివి నీళ్ళపాలయ్యాయి. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

సరే, పంతులుగారి సంగతికి వస్తాను. ఖాళీ కాగితాలు ఎందుకని అడిగాను.

"రాసుకోవటానికమ్మా."

"ఏం రాస్తారు?"

"చనిపోయినవాళ్ళ జీవితాలండి."

ఏ నాటకాలవాడో అనుకున్నాను. తెనాలిలో ఆ అనుమానం ఎవరి మీదైనా రావచ్చు. కాదు. ఆయనది రేపల్లెకు దిగువన, కృష్ణ కరకట్ట పక్కన ఉన్న సీయోనుపేట. లూథరన్ బడిలో పంతులు, గుళ్ళో ఉపదేశి. గురువుగారు, అంటే పాస్టరు, నెలకోసారి వస్తే గొప్ప కాబట్టి ప్రార్థనలు, పాటలు, పెళ్ళి చీటీలు, చావు పనులు అన్నీ ఈయన చేతి మీదే జరిగేవి. వాళ్ళల్లో మనిషి పోతే సమాధి చేసేముందు గుళ్ళో అందరి ముందు ఆ మనిషి జీవితం చదువుతారు. చదివిన కాగితాన్ని పోయినవాళ్ళ చేతి కింద పెట్టి పెట్టె మూయడం మాత్రం సీయోనుపేట సొంత పద్ధతి.

"ఎందుకలా?" అన్నాను. కాగితాన్ని మట్టిలో పెడతారంటే నాకు ఒళ్ళు మండింది.

"అది వాళ్ళదేనమ్మా. బతికున్నప్పుడు వాళ్ళ పేరు మీద ఒక్క కాగితం కూడా ఉండదు. పొలం కాగితం లేదు, ఇంటి కాగితం లేదు. పోయేటప్పుడన్నా ఒకటి చేతిలో ఉండాలని."

పాత సభల కరపత్రాలు ఒక బొత్తి ఆయన సంచిలో పెట్టాను.

తరువాత నెల ఆయన వచ్చి, మీరిచ్చిన కాగితం ఏమైందో చూడండంటూ ఒకటి నా ముందు పెట్టారు. అది చిత్తుప్రతి. శుభ్రప్రతి దీనమ్మ అనే ముసలావిడతో పాటు మట్టిలోకి వెళ్ళిపోయింది. ఈ చిత్తు ఇలా మొదలైంది: "దీనమ్మగారికి చింతచిగురు, పచ్చిరొయ్యల కూర ఇష్టం." ఆ తరువాత ఆమె చిన్నప్పుడే నాట్లలో దిగిన సంగతి, తుపానులో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న సంగతి. ఒక్క జత చెప్పులుంటే అరిగిపోతాయని గుడిదాకా చేత్తో పట్టుకొని వచ్చి, గుమ్మం ముందు తొడుక్కొని, నలుగురూ చూశాక విప్పేసి లోపలికి పోయేదట. "పెద్దకోడలితో చివరిదాకా మాట్లాడలేదు" అన్న వాక్యం ఒకటి కొట్టేసి ఉంది. కొట్టేసినా చక్కగా చదవడానికి వస్తోంది.

నా గదిలో సీయోనుపేట పక్క లంకల్లో భూములున్న ఒక కుటుంబం వాళ్ళ దినచర్యలు ఒక బీరువా నిండా ఉన్నాయి. ఏ రోజు ఏ చేలో నాట్లు పడ్డాయో, కూలీలు ఎంతమంది వచ్చారో అన్నీ ఉంటాయి. ఎంతమందో ఉంటుంది గాని ఎవరో ఉండదు. దీనమ్మ ఆ అంకెల్లో ఎక్కడో ఉందన్నమాట. చెప్పులు చేత్తో పట్టుకొని ఉంది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అన్నాను.

"ట్రంకుపెట్టె నిండా ఉన్నాయమ్మా. చిత్తే కదా అని పారెయ్యబుద్ధి కాలేదు."

ఆ పెట్టె నా గదిలోకి రావాలని ఆ క్షణమే అనుకున్నాను. నేను ఒకటి అనుకున్నానంటే అవతలివాళ్ళకు నిద్ర పట్టనివ్వను.

అసలు ఎలా రాస్తారో చూద్దామని ఒకసారి రేపల్లె బండెక్కి వెళ్ళాను. అనుకోకుండా ఆ రోజే పేటలో గొడ్లు కాసే ముసలాయన ఒకరు పోయారు. వడ్రంగి పెట్టె చేస్తున్నాడు, కుర్రాళ్ళు గొయ్యి తవ్వుతున్నారు. పంతులుగారు వసారాలో చాప వేయించి, ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఒళ్ళో పలక పెట్టుకొని కరపత్రం వెనకవైపు తిప్పారు. పుట్టిన ఏడు అడుగుతారని చూస్తున్నాను.

"ఆయనకి ఏ కూర ఇష్టం?" అన్నారు.

పొద్దుటినుంచి నోరు విప్పని పోయినాయన భార్య తలెత్తింది. "కందిపచ్చడండి. అందులో ఉల్లిపాయ నంజుకోవాలి." కొడుకు కాదన్నాడు, కోడి కూరన్నాడు. "కోడి కూర నువ్వు తిన్నావులేరా, ఆయనకి పులుసు మిగిల్చావు" అంది ఆమె. చావింట్లో అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది, ఏడుపులోనే మాటలొచ్చాయి. తప్పిపోయిన గేదె కోసం చుండూరు దాకా నడిచిన సంగతి, తాగిన సంగతి, మానేసిన సంగతి, మళ్ళీ తాగిన సంగతి. పంతులుగారు అన్నీ రాసుకున్నారు. తరువాత పక్కకు వెళ్ళి, గుళ్ళో చదవకూడనివి కొట్టేసి శుభ్రప్రతి రాశారు.

ముందే కూర ఎందుకడుగుతారని బయటకొచ్చాక అడిగాను.

"పుట్టిన తేదీ అడిగితే తెలీదని సిగ్గుపడతారమ్మా. ఏడుస్తూ సిగ్గుపడటం చాలా కష్టం. కూర తెలియనివాళ్ళు ఉండరుగా."

వారం తిరక్కుండానే పెట్టె కోసం మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య సుందరమ్మగారు భోజనం పెట్టారు. కందిపచ్చడి, పక్కన పచ్చి ఉల్లిపాయ. "ఇంట్లో బెండకాయలు వాడిపోతున్నాయని మొత్తుకున్నా ఇదే చెయ్యమన్నారమ్మా. ఈయనకి ఒక్కో వారం ఒక్కో వేవిళ్ళు" అని ఆవిడ విసుక్కున్నారు. పంతులుగారు తల వంచుకొని తిన్నారు. నా ధ్యాసంతా పెట్టె మీద ఉంది. ఉప్పెక్కువైందని మాత్రం గుర్తు.

పెట్టె ఇవ్వమంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ ఏడే కాదు, ఆ తరువాత కూడా. "కొట్టేసినవి కూడా ఉన్నాయి కదమ్మా అందులో. వాళ్ళు నాకు చెప్పారు, లైబ్రరీకి చెప్పలేదు" అనేవారు. తాళం వేస్తానన్నాను. కొట్టేసిన మాటలున్నవి ఇన్నేళ్ళ దాకా ఎవరికీ చూపించకూడదని రాసుకుందామన్నాను. ఆయన నవ్వి, కరపత్రాలు తీసుకొని వెళ్ళిపోయేవారు. ఇంత మెత్తగా కాదనేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు.

ఇటు మా కమిటీ అధ్యక్షులు శేషగిరిరావుగారిని ఒప్పించడం ఇంకో పని. మంచివారే. కాకపోతే ఆయన దృష్టిలో కాగితానికి వంశం ఉండాలి.

"ఎవరి కాగితాలమ్మా అవి?"

"చనిపోయినవాళ్ళవండి."

"మన గదిలో ఉన్నవన్నీ చనిపోయినవాళ్ళవేగా. పేరున్నవాళ్ళవైతే రేపు ఎవరో ఒకరొచ్చి చూస్తారు. సీయోనుపేట వాళ్ళవి ఎవరు చూస్తారు?"

"వాళ్ళ పిల్లలు చూస్తారండి. మీ తాతగారి ఉత్తరాలు ఇన్నేళ్ళలో మీరు తప్ప ఎవరు చూశారు చెప్పండి?"

ఆయన గట్టిగా నవ్వి, "కింది అర తీసుకో" అన్నారు. చెదలు ముందు పట్టేది ఆ అరకే. అయినా అర అరే కదా అని ఊరుకున్నాను.

ఏళ్ళు గడిచేసరికి పంతులుగారికి చూపు మందగించింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. రాసిన దాని మీదే మళ్ళీ రాసేవారు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని తనంతట తానే అన్నారు. "నేను పోతే ఆ పెట్టెలో ఉన్నవాళ్ళు ఇంకోసారి పోయినట్టేనమ్మా. వాళ్ళు బతికారని చెప్పటానికి ఇంకేం లేదు. మీ గదిలో పెట్టండి." ఆయనకు భయం అనేది ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన చావుకు భయపడలేదు. దీనమ్మ, గొడ్లు కాసిన ముసలాయన, వాళ్ళంతా ఎప్పుడూ లేనివాళ్ళయిపోతారని భయపడ్డారు.

తెనాలిలో కంటి ఆపరేషన్ అయ్యాక తానే తెచ్చి ఇస్తానన్నారు. పెట్టెను జాగ్రత్తగా గుడి అటక మీద పెట్టించి, సుందరమ్మగారిని తీసుకొని ఆస్పత్రికి వచ్చారు. అది తొంభై మే నెల. కంటికి పట్టీతో ఆయన మంచం మీద ఉండగా తుపాను వచ్చింది.

బండ్లు నడవడం మొదలుపెట్టగానే బయల్దేరాం. ఆయన కంటికి ఆకుపచ్చ గుడ్డ, సుందరమ్మగారి చేతిలో టిఫిన్ డబ్బా, నా దగ్గర రెండు పెద్ద సంచులు. అద్దుడు కాగితం, చీరాల నుంచి తెప్పించిన గంజి పెట్టని నేత గుడ్డ, ఈకలు, వెదురు పుల్లలు. తడిసిన కాగితాన్ని ఎండలో పెట్టకూడదు, గుడ్డల మధ్య నీడలో ఒక్కొక్కటిగా విడదీయాలి. సిరా సగం పోయినా వెలుతురుకు పెట్టి చదవవచ్చు. దారి పొడుగునా ఆయనకు ఇదే చెప్పాను. ధైర్యం ఆయనకు చెబుతున్నానో నాకు చెప్పుకుంటున్నానో తెలియదు.

పేటలో గుడికి కప్పు లేదు. ఇళ్ళు చాలావరకు కూలిపోయాయి. సంఘపెద్ద లూకా ఎదురొచ్చి పంతులుగారి చేతులు పట్టుకున్నాడు. బడిలో ఆయన దగ్గరే చదువుకున్నవాడు. మనుషులంతా క్షేమమని చెప్పాడు. ముందే కట్ట దాటించారట.

"పెట్టె గురించి దిగులు పడకండి పంతులుగారూ. మర్యాదగా సాగనంపాం" అన్నాడు.

"సాగనంపటమేంటి?" అన్నాను నేను.

"అటక కూలి ఉప్పునీళ్ళలో పడి నానిందండి. మూత తీస్తే అంతా ముద్ద. సిరా కారిపోయి నీళ్ళు నీలంగా ఉన్నాయి. ఎవరిది ఎవరిదో తెలీలేదు. మా అమ్మది కూడా అందులోనే కదండి. పారేస్తామా? పెట్టెతో సహా గుడి వెనక సమాధుల స్థలంలో పెట్టి, పాట పాడి, ప్రార్థన చేశాం. పేటంతా వచ్చింది."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

నిన్న సాయంత్రం! ఒక్క రోజు ముందు బండి నడిచుంటే సరిపోయేది. అయినా ఫరవాలేదు, ఒక్క రాత్రే కదా, ట్రంకుపెట్టె లోపల ఇంకా కొన్ని నిలిచే ఉంటాయి. పార ఇవ్వమన్నాను. ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కొత్తమట్టి ముందు నిలబడ్డారు. గొడవ పడే నిలబడటం కాదు. ఊరికే నిలబడ్డారు.

"సమాధి తవ్వటమా అమ్మా?" అన్నాడు లూకా. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"సమాధి కాదయ్యా, కాగితాలు! తీస్తేనే వాళ్ళు బతుకుతారు. పంతులుగారూ, మీరు చెప్పండి."

పంతులుగారు సుందరమ్మగారి భుజం పట్టుకొని ఆ మట్టి దగ్గరికి వెళ్ళారు. వంగి చేత్తో తడిమారు. ఎదురుగా ఆయన ఇన్నేళ్ళ రాత, ఒక పార లోతులో. తవ్వమంటే తవ్వుతారు. ఆయన మాట పేటలో ఎవరూ కాదనరు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఏ పాట పాడారు లూకా?" అన్నారు చివరికి.

"దీనమ్మ పెద్దమ్మకి పాడిందేనండి."

"ఊ." చేతికంటిన మట్టి తుడుచుకోలేదు. "వద్దమ్మా. వెళ్దాం."

ఆ రాత్రి రేపల్లెలో సుందరమ్మగారి చుట్టాలింట్లో పడుకొని మర్నాడు తిరుగు బండెక్కాం. నేను ఆయనతో మాట్లాడలేదు. భట్టిప్రోలు దాటాక ఆయనే మొదలుపెట్టారు. "ఆ కాగితం నేల మీద పడితే మనిషి పడ్డట్టేనని బళ్ళో నేనే చెప్పానమ్మా వాళ్ళకి. చెత్తలో వెయ్యకూడదు, కాల్చకూడదు, మనిషి ఎక్కడుంటే అక్కడుండాలి అని. నేను చెప్పిందే చేశారు."

"మీరు చెప్పింది శుభ్రప్రతి గురించి."

"చిత్తుకీ దానికీ తేడా నాకు, మీకు. వాళ్ళకి రెండూ అమ్మే."

కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కప్పుల్లేని ఇళ్ళు, వంటకు పొడి పుల్ల లేని జనం. అలాంటి స్థితిలో వాళ్ళు ముందు చేసిన పనుల్లో ఒకటి ఈ పెట్టెకు గొయ్యి తవ్వడం. పెనుమూడి రేవు నుంచి తిరిగొచ్చిన నాడు మా నాన్న ముఖం గుర్తొచ్చింది. ఎంత నెమ్మదిగా ఉందో ఆ ముఖం. ఆయనా ఆ తాటాకుల్ని పారెయ్యలేదు. తన తండ్రి అస్థికలు కలిపినంత భక్తిగా కలిపారు. అది నాకు అర్థమైంది, కోపం మాత్రం పోలేదు. రెండూ కలిసి ఏడుపొచ్చింది. బండిలో అందరి ముందూ ఏడ్చాను. సుందరమ్మగారు టిఫిన్ డబ్బా తెరిచి ఒక ఇడ్లీ నా చేతిలో పెట్టారు.

కొన్ని వారాల తరువాత నల్లద్దాలు పెట్టుకొని పంతులుగారు లైబ్రరీకి వచ్చారు. కాగితాలు అడగడానికి కాదు.

"రాసేవాళ్ళు కావాలమ్మా. కన్ను బాగుపడింది గాని దగ్గరవి అంతగా ఆనటం లేదు. చిత్తు పోయింది, చెప్పినవాళ్ళు పోలేదుగా. మళ్ళీ చెప్పమందాం. ఈసారి లైబ్రరీకేనని ముందే చెబుదాం. చెప్పాలనుకున్నది చెబుతారు, వద్దనుకున్నది మానేస్తారు. కొట్టెయ్యక్కర్లేదు."

ఇన్నేళ్ళూ నేను పెట్టె ఇమ్మన్నాను గాని, ఆ పెట్టెలోవి చెప్పిన మనుషుల ఇష్టాన్ని అడగాలన్న ఆలోచన నాకు రానేలేదు. ఆయన ఇవ్వకపోవడానికి అదే కారణమని అప్పుడు తెలిసింది.

అలా నా ఆదివారాలు పోయాయి. ఆరాధన అయ్యాక కొత్త కప్పు వేసిన గుడి వరండాలో చాప, చాప మీద ఒక కుటుంబం, మధ్యలో పంతులుగారు, పక్కన నేనూ నా పెన్నూ. మొదటి ప్రశ్న ఆయనే అడిగేవారు. చావునాడు ఏడుస్తూ చెప్పినవి ఇప్పుడు నవ్వుతూ చెప్పారు. అప్పుడు నవ్వి దాటేసినవాటి దగ్గర ఇప్పుడు ఆగిపోయారు. దీనమ్మ పెద్దకోడలు మొదటిసారి చెప్పని మాట ఈసారి చెప్పింది. అత్తగారు ఆ చెప్పులు చివరికి తనకే ఇచ్చిందట. మాట్లాడకుండానే గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయిందట. తాను ఇదివరకు విన్నది ఇలా కాదే అని పంతులుగారు మొదట్లో సరిదిద్దబోయేవారు, తరువాత మానేశారు. "ఇదీ నిజమేనమ్మా. ఇది ఇప్పటి నిజం. రాయండి" అనేవారు.

తెనాలిలో, బాపట్లలో స్థిరపడ్డ సీయోనుపేటవాళ్ళు లైబ్రరీకే వచ్చేవారు. మెట్ల దగ్గర కాస్త తటపటాయించేవారు. ఎందుకో వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. పైన గదిలో చాప పరిచి ఉంచేదాన్ని. ఒకసారి శేషగిరిరావుగారు ఏదో పని మీద పైకొచ్చి, గుమ్మంలో నిలబడి ఒక బెస్తాయన జీవితం మొత్తం విన్నారు. వెళ్ళేటప్పుడు "ఆ కింది అరలో చెదలు పడతాయి, పై అరకు మార్చు" అన్నారు.

పంతులుగారు తొంభై ఆరు చలికాలంలో పోయారు. జ్వరం, తరువాత ఆయాసం, అంతే. లూకా లైబ్రరీకి ఫోను చేశాడు. "మీరే రాయాలమ్మా" అన్నాడు.

వెళ్ళాను. వసారాలో చాప వేసి ఉంది. పేటంతా కూర్చుంది. ఆయన పలక నా ఒళ్ళో పెట్టారు. ఇన్నాళ్ళూ పక్కన కూర్చున్నదాన్ని, ఆ రోజు మధ్యలో కూర్చున్నాను. మొదటి ప్రశ్న నేనే అడిగాను.

"సుందరమ్మగారూ, పంతులుగారికి ఏ కూర ఇష్టం?"

ఆవిడ నోరు తెరిచారు. చుట్టూ చూశారు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆ పేటలో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఎవరూ లేరు.

"నాకు తెలీదమ్మా" అన్నారు. "ఇన్నేళ్ళు వండాను. ఏదీ ఎప్పుడూ ఒకటని లేదు. నాకు తెలీదు." కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తూ సిగ్గుపడటం చాలా కష్టమని ఆయన చెప్పింది నేను కళ్ళారా చూశాను. ఆ ప్రశ్న అడిగినందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది.

మిగతావన్నీ చెప్పారు, రాశాను. సీయోనుపేట కాగితాల్లో కూర చెప్పే మొదటి వాక్యం లేకుండా మొదలైంది అదొక్కటే. గుళ్ళో నిలబడి చదివాను. చదివాక మడిచి ఆయన చేతి కింద పెట్టాను. ఆ చేతివేలి మీద పెన్ను పట్టిన కాయ ఇంకా ఉంది. మూత వేసేముందు లూకా నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "చిత్తు దాచుకున్నారా అమ్మా?" నన్ను అంతగా ఎరిగినవాడు మరి.

"చిత్తు లేదు లూకా. ఒక్కటే రాశాను" అన్నాను. నిజమే. కాగితాలు దాచడమే ఉద్యోగమైనదాన్ని, ఆ ఒక్కటి దాచబుద్ధి కాలేదు. అది ఆయనది.

ఏడాది తిరిగింది. పైన గదిలో తాటాకులకు నూనె రాస్తున్నాను. మెట్ల మీద చప్పుడైంది. ముందు లూకా, వెనక గోడ పట్టుకొని ఆయాసపడుతూ సుందరమ్మగారు. ఆవిడ లైబ్రరీకి రావడం అదే మొదలు. చాప పరిచి మంచినీళ్ళిచ్చాను. ఆవిడ గది చుట్టూ చూశారు. పై అరలో సీయోనుపేట అని రాసి ఉన్న కట్టల్ని చూశారు.

"చెప్పటానికి వచ్చానమ్మా. మీరు అడిగిందానికి."

పెన్ను తీశాను. ఆవిడ చాప అంచు చేత్తో సర్దుతూ మాట్లాడారు.

"ఆయన పోయిన వారం ఏం వండాలో నాకు తోచలేదమ్మా. అదేంటా అని ఆలోచించాను. పేటలో ఎవరన్నా పోతే, ఆ వారం ఆయన నన్ను ఫలానాది వండమనేవారు. ఒకసారి చింతచిగురు రొయ్యలు, ఒకసారి కందిపచ్చడి. ఇదెక్కడి గోలని నేను విసుక్కునేదాన్ని. ఏడాదంతా ఒక్కొక్కటి గుర్తు చేసుకున్నాను. దీనమ్మక్క పోయినప్పుడు చింతచిగురు. ఆ గొడ్లాయన పోయినప్పుడు కందిపచ్చడి. అన్నీ వాళ్ళవేనమ్మా. ఇన్నేళ్ళూ నా చేత వాళ్ళకి వండించారు. నాకొక్క ముక్క చెప్పలేదు."

చెప్పి, ఎదురుచూస్తూ కూర్చున్నారు. పై అరలో కట్టలున్నాయి. ప్రతి కట్టలో ప్రతి కాగితం మీద మొదటి వాక్యంలో ఒక కూర ఉంది. అవన్నీ ఆ ఇంట్లో వండినవే, ఆయన తల వంచుకొని తిన్నవే. ఒకటి నేనూ తిన్నాను, ఉప్పెక్కువైందనుకున్నాను.

కొత్త కాగితం తీసుకొని రాశాను.

"ఏం రాశారమ్మా?" అన్నారు సుందరమ్మగారు.

చదివాను. "ఎజ్రా పంతులుగారికి, పోయినవాళ్ళకు ఏది ఇష్టమో అదే ఇష్టం."

ఆవిడ చాప మీద సర్దుకొని కూర్చొని, "అవును. ఇంక మిగతాది రాసుకోండి, చెబుతా" అన్నారు.